ఎర్ర సిరా మేడమ్, నా ఫీల్డ్ వర్క్ ఫైలు

ఇల్లు మారేటప్పుడు అటక మీది అట్టపెట్టెలు దించుతుంటే నీలం రంగు ఫైలొకటి జారి కింద పడింది. ట్యాగు ఎప్పుడో తెగిపోయినట్టుంది, కాగితాలన్నీ గదంతా పరుచుకున్నాయి. ఏరుతూ ఏరుతూ అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. ప్రతి కాగితానికీ ఎడమవైపు వెడల్పాటి మార్జిను. ఆ మార్జిను నిండా ఎర్ర సిరా.

"ఎలా తెలుసు?"

"అప్పుడు నీకేమనిపించింది?"

"ఇది ఆమె అన్నదా, నువ్వు అనుకున్నదా?"

ఈ చివరి ప్రశ్న ఎన్నిసార్లుందో లెక్కపెడదామనుకుని ఇరవై దాటాక మానేశాను. ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ, చదివిన రెండేళ్ళూ ఆ ప్రశ్న నా వెంట తిరిగింది. అడిగింది మా ఫీల్డ్ వర్క్ సూపర్‌వైజర్. మేమంతా చాటుగా ఎర్ర సిరా మేడమ్ అనేవాళ్ళం. ఆవిడకి తెలుసనే నా అనుమానం.

నిజం చెప్పాలంటే ఆ కోర్సు మీద ప్రేమతో చేరలేదు. డిగ్రీ అయ్యాక రాసిన ఎంట్రన్సుల్లో సీటొచ్చింది దానికొక్కదానికే. ఇంట్లో చెబితే "మంచి చేయడానికి మనసుంటే చాలదా, మళ్ళీ దానికో చదువా?" అన్నారు. చుట్టాల్లో ఒకాయన "అంటే పాసయ్యాక చందాలు వసూలు చేస్తావా?" అని సీరియస్‌గానే అడిగాడు. ఇంటర్వ్యూలో ఎందుకు చేరాలనుకుంటున్నావంటే "సేవ చేయాలని" అన్నాను. ఎదురుగా కూర్చున్న ముగ్గురూ ఒకేసారి తల దించుకుని ఏదో రాసుకున్నారు. గొప్ప జవాబు చెప్పాననుకున్నాను. ఆ రోజు వచ్చినవాళ్ళలో దాదాపు అందరూ అదే చెప్పారని తర్వాత తెలిసింది.

మొదటి క్లాసులో మేడమ్ బోర్డు మీద "సేవ" అని పెద్దగా రాసి, డస్టర్‌తో తుడిచేశారు. "ఈ రెండేళ్ళూ ఈ మాట వాడకుండా, మీరు చేసే పనేంటో చెప్పడం నేర్చుకోండి" అన్నారు. కాస్త డ్రామా ఎక్కువైందని వెనక బెంచీలో అనుకున్నాం.

అదే క్లాసులో అబ్రహం ఫ్లెక్స్‌నర్ గురించి చెప్పారు. 1910లో అమెరికా వైద్య విద్య మీద నివేదిక రాసి పెద్ద పేరు తెచ్చుకున్నాయన. 1915లో బాల్టిమోర్‌లో జరిగిన సభకి ఆయన్ని పిలిచి, సోషల్ వర్క్ ఒక వృత్తి అవునో కాదో చెప్పమన్నారు. కాదని చెప్పేశాడు. సోషల్ వర్కర్లు డాక్టరుకీ లాయరుకీ టీచరుకీ మధ్య తిరిగేవాళ్ళే తప్ప, వీళ్ళకంటూ ప్రత్యేకమైన విద్య ఏదీ లేదన్నది ఆయన వాదన. వింటుంటే మా చుట్టాలాయనే సూటు వేసుకుని మాట్లాడినట్టనిపించింది. పిలిచి మరీ కాదనిపించుకున్నారు పాపం.

రెండేళ్ళకే, 1917లో, మేరీ రిచ్‌మండ్ రాసిన 'సోషల్ డయాగ్నసిస్' వచ్చింది. ఈవిడ కాలేజీ గడప తొక్కలేదు. ఇదే బాల్టిమోర్‌లో ఒక ధార్మిక సంస్థలో సహాయ కోశాధికారిగా లెక్కలు చూస్తూ ఈ పనిలోకి వచ్చింది. ఈ పనికి శిక్షణ ఇచ్చే బడి ఉండి తీరాలని 1897లోనే అడిగింది. ఆ మరుసటేడు న్యూయార్క్‌లో వేసవి తరగతులు మొదలయ్యాయి. 1899లో ఆమ్‌స్టర్‌డామ్‌లో, 1908లో బెర్లిన్‌లో, మన దేశంలో 1936లో బొంబాయిలో, దొరాబ్జీ టాటా పేరు మీద స్కూళ్ళు వచ్చాయి. పరీక్షకి ఈ సంవత్సరాలన్నీ బట్టీ పట్టాం. లైబ్రరీలో ఆ లావుపాటి పుస్తకం తిరగేస్తే సేవ గురించీ త్యాగం గురించీ ఏమీ కనబడలేదు. అంతా సాక్ష్యం గోలే. కళ్ళారా చూసిందేది, ఎవరో చెప్పగా విన్నదేది, మనం ఊహించుకున్నదేది? మూడింటినీ కలిపేయొద్దు, విడివిడిగా పెట్టు. బాబోయ్, ఎర్ర సిరా ఇక్కణ్ణుంచి కారుతోందన్నమాట అనుకున్నాను.

థియరీ క్లాసుల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. స్టాటిస్టిక్స్ అంటే సగం క్లాసుకి టెన్షన్, మిగతా సగానికి నిద్ర. క్లయింటుతో, అంటే మన దగ్గరికి సాయానికి వచ్చినవాళ్ళతో, ఎలా మెలగాలో సోషల్ వర్క్ ప్రొఫెసర్ ఫెలిక్స్ బీస్టెక్ 1957లో చెప్పిన ఏడు సూత్రాలు మాత్రం నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేవాళ్ళం. ఏ ఇద్దరి కష్టమూ ఒకటి కాదు, మనసులోది చెప్పుకోనివ్వాలి, నువ్వు కదిలిపో, కానీ కొట్టుకుపోకు, ఉన్నవాళ్ళని ఉన్నట్టు ఒప్పుకో, తీర్పు చెప్పకు, వాళ్ళ నిర్ణయం వాళ్ళదే, విన్నది బయటపెట్టకు. ఏడుకి ఏడు మార్కులు. అవి అప్పజెప్పినంత తేలిక కాదని తెలియడానికి నాకు మూడు వారాలు పట్టింది.

వారానికి రెండు రోజులు ఫీల్డ్ వర్క్. నాకు ఆసుపత్రి పడింది. మొదటి రోజు మెడలో ఐడీ కార్డుతో ఓపీ దగ్గర నిలబడితే అందరూ నన్ను అక్కడి స్టాఫ్ అనుకుని ఎక్స్‌రే ఎక్కడ, మందులెక్కడ అని అడిగారు. వారమంతా దారులు చెప్పడమే పనైంది. ఇంకేం చేయలేదు మేడమ్ అని సిగ్గుపడుతూ చెబితే, "ఎక్కువమంది ఏ గది అడిగారు?" అన్నారు. నేను చూసుకోలేదు. "ఈసారి చూసుకో. ఒకే గది పదిమంది అడిగితే తప్పు పదిమందిది కాదు, బోర్డుది."

రెండో వారం నుంచి నాకో కేసు అప్పగించారు. టీబీ వార్డులో అరవై దాటిన ఒకావిడ. ఆరు నెలలు వాడాల్సిన మందులు రెండు నెలలకే మానేసింది. జబ్బు తిరగబెట్టి మళ్ళీ చేరింది. ఎందుకు మానేసిందో కనుక్కోమన్నారు. నేనేమో కనుక్కోవడం మానేసి చెప్పడం మొదలుపెట్టాను. మందులు మధ్యలో ఆపితే క్రిములు ఎలా మొండికేస్తాయో, తర్వాత మందులు ఎలా పనిచేయవో, ముందురోజు రాత్రి చదివిందంతా అరగంట చెప్పాను. మాస్కు వెనక నుంచి ఆవిడ "సరే బాబూ, సరే బాబూ" అంటూ తలూపింది.

మా చదువులో ప్రాసెస్ రికార్డింగ్ అని ఒక శిక్ష ఉండేది. క్లయింటు ముందు పుస్తకం తెరవకూడదు. తిరిగొచ్చాక గుర్తున్నంత వరకూ ఆమె ఏమంది, నేనేమన్నాను, ఎక్కడ ఆగింది, ఎటు చూసింది, నా లోపల ఏం జరిగింది, అన్నీ వరసగా రాయాలి. అరగంట మాటలకి ఎనిమిది పేజీలయ్యేది. అందరం ఇచ్చే ముందురోజు రాత్రే రాసేవాళ్ళం, అది వేరే సంగతి. ఆ మొదటి రికార్డింగ్ ఇప్పుడు నా చేతిలో ఉంది. చివరి వాక్యం: "క్లయింట్ పూర్తిగా అర్థం చేసుకుంది. ఇకపై క్రమం తప్పకుండా మందులు వాడతానని హామీ ఇచ్చింది." పక్కన ఎర్రగా: "ఎలా తెలుసు? తలూపిందనా?"

మూడో వారం జినోగ్రామ్ గీద్దామని వెళ్ళాను. కుటుంబం బొమ్మ అన్నమాట. మగవాళ్ళకి చతురస్రం, ఆడవాళ్ళకి వలయం, పెళ్ళికి అడ్డగీత, పిల్లలకి దాన్నుంచి కిందికి దిగే గీతలు. చనిపోయినవాళ్ళ గుర్తు మీద ఇంటూ మార్కు. క్లాసులో నేర్చుకున్న కొత్త విద్య, చేయి దురదగా ఉంది. మంచం పక్కన స్టూలు లాక్కుని, అట్ట మీద తెల్లకాగితం పెట్టి మొదలెట్టాను. ఆవిడకీ సరదాగానే ఉన్నట్టుంది, ముందుకి వంగి చూస్తోంది. భర్త. ఇంటూ. ఏమీ అనలేదు. ఒక కూతురు. వలయం గీశాను. ఆ కూతురికి కొడుకు, వాడు ఈవిడ దగ్గరే పెరుగుతున్నాడు. చిన్న చతురస్రం. "మరి మీ అమ్మాయి?" అని అడిగాను.

"పోయింది బాబూ. వీడు పుట్టిన ఏడాదికి."

అలవాటుగా చేయి కదిలింది. వలయం మీద ఈ మూల నుంచి ఆ మూలకి ఒక గీత, దాని మీద ఇంకో గీత. నేను ఆ పక్కన ఏదో రాయబోతున్నాను.

"కొట్టేశావా బాబూ?"

తలెత్తాను. ఆవిడ నన్ను చూడటం లేదు, కాగితాన్ని చూస్తోంది. పెన్నుకి మూత పెట్టాను. ఆ మూత పడిన చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. ఏం మాట్లాడాలో తోచలేదు. పక్క మంచం ఆవిడ దగ్గుతోంది. కాసేపయ్యాక ఆవిడే గోడవైపు తిరిగి పడుకుంది. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

ఆ తర్వాతి గురువారం ఆసుపత్రికి వెళ్ళలేదు. రూములోనే పడుకున్నాను. కానీ రికార్డింగ్ ఇవ్వాలి కదా. రాత్రి కూర్చుని నాలుగు పేజీలు రాసేశాను. వెళ్ళినట్టు, కూర్చున్నట్టు, పోయినసారి జరిగిందానికి నేను బాధపడినట్టు, ఆవిడ నన్ను ఓదార్చినట్టు. చదువుకుంటే నాకే గుండె బరువెక్కింది. అంత బాగా వచ్చింది.

మేడమ్ నా ముందే చదివారు. చదవడం అయ్యాక చాలాసేపు ఏమీ అనలేదు.

"బాగా రాశావు. మీ క్లయింటు ఈ వారం ఎంత చక్కగా మాట్లాడిందో! ఒక్క మాట కూడా మధ్యలో ఆగలేదు. నాలుగు పేజీల్లో ఒక్కసారి దగ్గను కూడా లేదు."

నా చెవులు వేడెక్కడం నాకే తెలుస్తోంది.

ఆవిడ పెన్ను తీసి ఒక్క వాక్యం కింద గీత గీశారు. "నువ్వేం తప్పు చేయలేదులే బాబూ" అని ఆమె అన్నట్టు నేను రాసిన వాక్యం. మార్జినులో మళ్ళీ అదే ప్రశ్న. ఇది ఆమె అన్నదా, నువ్వు అనుకున్నదా?

తిడతారనుకున్నాను, తిట్టలేదు. పోయినవారం ఆవిడ గోడవైపు తిరిగినప్పుడు నాకేమనిపించిందో అది రాయమన్నారు. రాశాను. నిజం రాస్తే అరపేజీ కూడా రాలేదు. "ఇది ఫైల్లో పెట్టు. అది కూడా పెట్టు, చింపకు" అన్నారు. అందుకే ఆ అబద్ధాల నాలుగు పేజీలు ఇప్పటికీ ఉన్నాయి. దస్తూరి మిగతా వాటికంటే బాగుంది.

మళ్ళీ వెళ్ళేసరికి ఆవిడ కూర్చుని ఉంది. "పోయినవారం రాలేదే?" అంది. జ్వరం అందామనుకున్నాను. "మీకు మొహం చూపించలేక రాలేదమ్మా" అని నోట్లోంచి వచ్చేసింది. ఆవిడేమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. సైలెన్స్ కూడా ఒక టెక్నిక్ అని క్లాసులో రాసుకున్నాను గానీ అప్పుడు నా మౌనం టెక్నిక్ కాదు, చేతకానితనం. ఎంతసేపు గడిచిందో, ఆవిడ గొంతు తగ్గించి, నర్సు దగ్గరలో లేదని చూసుకుని అడిగింది.

"ఆ ఎర్ర మాత్ర వేసుకుంటే రక్తం పోతోంది బాబూ. అది కాకుండా వేరేది ఇవ్వరా?"

రక్తం ఎక్కణ్ణుంచి పోతోందో అడగడానికి నాకూ, చెప్పడానికి ఆవిడకీ నోరు రాలేదు. ఎలాగో అర్థమైంది. మూత్రం ఎర్రగా వస్తోంది. అది చూసి హడలిపోయింది. ఒంట్లో ఉన్న రక్తమంతా పోతే మనవడి గతేమిటని మాత్రలు మానేసింది. ఇంతే కారణం. కొడుకు వయసు కుర్రాడితో ఆ మాట ఎలా చెబుతుంది? నేనేమో క్రిములు మొండికేయడం గురించి ఉపన్యాసం ఇచ్చాను.

నేను జవాబు చెప్పకుండా వెళ్ళి సిస్టర్‌ని తీసుకొచ్చాను. ఆవిడ నవ్వేసింది. "అదా! రక్తం కాదమ్మా, మందు రంగు. రిఫాంపిసిన్ వేసుకుంటే ఎవరికైనా అలాగే వస్తుంది, చెమట కూడా ఒక్కోసారి ఆ రంగే. ఎవరూ చెప్పలేదా నీకు?" అంది. ఆ ప్రశ్న సిస్టర్ ఆవిణ్ణే అడిగింది గానీ, ఆ క్షణాన తలెత్తలేకపోయింది నేను.

ఆ రోజు రికార్డింగ్‌లో ఎర్ర సిరా ఒక్కచోటే ఉంది. మౌనం గురించి రాసిన చోట: "ఎన్ని నిమిషాలు?"

గ్రూప్ వర్క్ పిల్లల హోమ్‌లో చేశాను. దాని గురించి రెండు ముక్కలు చాలు. గ్రూపు ఏర్పడుతుంది, కొట్టుకుంటుంది, కుదురుకుంటుంది, పనిచేస్తుందని టక్‌మన్ అనే సైకాలజిస్టు 1965లో చెప్పాడు. మా పిల్లలు రెండో దశ దాటలేదు. నేను పది సెషన్లకి ప్లాన్ వేసుకెళితే, మూడో సెషన్ నుంచి ఆటలేంటో వాళ్ళే నిర్ణయించారు, నాకు స్కోరు రాసే పని ఇచ్చారు. అదే బాగా జరిగింది.

రెండో ఏడాది కమ్యూనిటీ. ఇది మాత్రం కొంచెం చెప్పాలి. మా బ్యాచ్ ఎనిమిదిమందిమీ ప్రశ్నపత్రాలు పట్టుకుని ఒక బస్తీలో ఇల్లిల్లూ తిరుగుతున్నాం. నీళ్ళెక్కణ్ణుంచి, ఎంతమంది పిల్లలు, బడికెళ్తారా. నాలుగో ఇంట్లో ఒకావిడ మా కాగితం చూసి, "పోయినేడూ మీలాగే వచ్చారు. ఇవే అడిగారు. ఆ కాగితాలేమయ్యాయి?" అంది. మాలో ఒకమ్మాయి "అది వేరే బ్యాచ్ అండీ" అంది. "మాది అదే ఇల్లమ్మా" అంది ఆవిడ.

తిరిగొచ్చి డిపార్ట్‌మెంటులో బీరువా వెతికాం. దొరికాయి. మూడేళ్ళ సర్వేలు, పురికొసతో కట్టిన కట్టలు, మీద దుమ్ము. ప్రశ్నలు కూడా ఇంచుమించు ఒకటే. ఎవరి మార్కులు వాళ్ళకొచ్చాయి, కాగితాలు బీరువాలోకెళ్ళాయి. ఆ రోజు మాకు వచ్చినంత కోపం ఆ రెండేళ్ళలో ఇంకెప్పుడూ రాలేదు. మా మీద మాకే సగం.

జేన్ ఆడమ్స్ గురించి అప్పటికే చదివాం. 1889లో షికాగోలో వలస కూలీల మధ్య ఇల్లు తీసుకుని హల్ హౌస్ పెట్టింది, 1931లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. పరీక్షకి అంతే కావాలి. కానీ ఆ హల్ హౌస్ వాళ్ళు ఇంటింటికీ తిరిగి, ఎవరు ఏ దేశం నుంచి వచ్చారు, వారానికెంత సంపాదిస్తున్నారు అని రంగుల మ్యాపులు గీసి 1895లో అచ్చేశారు. వాళ్ళు తిరిగింది కూడా సర్వేకే, కాకపోతే వాళ్ళు అక్కడే కాపురమున్నారు. కాగితాలేమయ్యాయని పక్కింటివాళ్ళు తలుపు తట్టి అడగొచ్చు. మేము మూడింటికి బస్సెక్కి వచ్చేసేవాళ్ళం.

మేడమ్‌ని అడిగి కొత్త సర్వే ఆపేశాం. పాత కట్టల్లోంచి ముఖ్యమైనవి పెద్ద చార్టు మీద రాసి, ఆదివారం బస్తీలోకి తీసుకెళ్ళి చదివి వినిపించాం. జనం పడీపడీ నవ్వారు. నీళ్ళ కొళాయి ఉందని రాసిన చోట ఎప్పుడూ కొళాయే లేదట. బడి మానేసిన పిల్లలు సున్నా అని ఉంటే, వెనక నుంచి ఒక కుర్రాడు చెయ్యెత్తి "నేనున్నా" అన్నాడు. ఆవిడే, ఆ నాలుగో ఇంటావిడే, స్కెచ్ పెన్ను లాక్కుని కొళాయి మీద అడ్డంగా గీత కొట్టింది. మొత్తం చార్టు అలా గీతలమయం అయింది. సర్వే ఆపినందుకు మా రిపోర్టుకి మార్కులు తగ్గాయి. వైవాలో బయటి ఎగ్జామినర్ "శాంపిల్ సైజు ఎంత?" అని అడిగారు.

పాసయ్యాక నేను మూడేళ్ళు ఆసుపత్రుల్లోనే పనిచేసి, తర్వాత చాలామందిలాగే హెచ్‌ఆర్‌లోకి వచ్చేశాను. జీతం కోసమే, వేరే కారణాలు చెప్పను. ఎవరైనా రిజైన్ చేస్తున్నానంటే ఎగ్జిట్ ఇంటర్వ్యూ ఫారంలో "మెరుగైన అవకాశం" అని టిక్ పెట్టేముందు చేయి కాస్త ఆగుతుంది. అంతవరకే మిగిలింది.

నేల మీద కూర్చునే ఆ కేసు చివరి రికార్డింగ్ కోసం వెతికాను. సెలవు తీసుకోవడం ఆఖరి రోజున చెప్పే మాట కాదని, ఇంకా ఎన్నిసార్లు వస్తామో ముందునుంచే చెబుతూ ఉండాలని మాకు నేర్పారు. నేనూ చెప్పాను, ఇంకా మూడుసార్లమ్మా, ఇంకా రెండుసార్లమ్మా అని. చివరిరోజు ఆవిడ డిశ్చార్జి అయ్యి, మందుల కోసం ఓపీకి వచ్చింది. మనవణ్ణి వెంటబెట్టుకొచ్చింది. "ఆ బొమ్మ ఉందా?" అని అడిగింది. అప్పటికి దాన్ని ఫైల్లో పెట్టాను, తీసి చూపించాను. కూతురి వలయం మీద ఇంటూని నేను తెల్లరంగు పూసి చెరిపేశాను. ఆవిడ చూసింది. వలయం నుంచి మనవడి చతురస్రానికి దిగే గీత మీద వేలు పెట్టి, "ఇదుగోరా, ఇది మీ అమ్మ" అని వాడికి చూపించింది. వాడు, "మరి నేనెందుకు డబ్బాలా ఉన్నాను?" అన్నాడు.

ఆ బొమ్మ ఇక్కడే ఉంది. తెల్లరంగు ఎండి పెచ్చులూడింది, కింద ఇంటూ కనిపిస్తోంది.

రికార్డింగుల్లో అసలు పేర్లు రాయకూడదు. ఎవరికి ఏ పేరు పెట్టామో విడిగా ఒక కాగితం మీద రాసి మేడమ్ దగ్గర ఉంచేవాళ్ళం. వైవా అయ్యాక ఆవిడ ఆ కాగితాల్ని మా కళ్ళముందే చింపేశారు. ఫైలంతా ఆవిడ పేరు నేను పెట్టిందే ఉంది. అసలు పేరేంటో సాయంత్రం దాకా ఆలోచించాను. సామాన్ల వాళ్ళు వచ్చి పిలిస్తే లేచాను. గుర్తు రాలేదు.